గుడ్డ మీద రెండు రంగులు

వదినమ్మ పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కారు తుడిచే గుడ్డ ఉతుకుతోంది. ఎంత రుద్దినా దాని మీది పచ్చటి జిడ్డు మరక వదలడం లేదు. ఆ చారల గుడ్డ ఆమె భర్తది. మరిది గళ్ళ గుడ్డ ఇంకా గట్టు మీదే ఉంది. కారు ఒక్కటే, గుడ్డలు మాత్రం రెండు. కారు తాళంచెవి తగిలించే మేకు మళ్ళీ ఒక్కటే, వంటింటి గుమ్మం పక్కన.

ఆమె ఆ ఒక్క ఇంటికే వదిన. కానీ ఆ ఇంట్లోంచి పొద్దస్తమానం "వదినా, వదినా" అని వినబడుతూ ఉంటే వీధిలో వాళ్ళందరికీ అదే నోటికొచ్చేసింది.

అన్నదమ్ములిద్దరూ టాక్సీ డ్రైవర్లే. పగలు అన్న తోలతాడు, రాత్రి తమ్ముడు తోలతాడు. అన్న కాపురం కింద, తమ్ముడి కాపురం మేడ మీద. ఒకరోజు కారు తలుపు మీద సొట్ట కనబడింది. నువ్వు చేశావంటే నువ్వు చేశావని మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. సొట్టను మెకానిక్ ఒక్క పూటలో సరిచేశాడు. ఆ రోజు పోయిన మాట మాత్రం మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఒకరు చెప్పాల్సింది ఇంకొకరికి వదినమ్మ మోస్తోంది. ఇలాంటి ఇళ్ళు మనకు తెలియనివి కావు. పైకి అంతా సవ్యంగానే నడుస్తున్నట్టు ఉంటుంది. గొడవలు లేవు కదా అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు కూడా.

అప్పుడే మరిది డ్యూటీ దిగి వచ్చాడు. తాళంచెవి మేకుకు తగిలించి, ఎర్రబడ్డ కళ్ళతో పెరట్లోకి తొంగిచూశాడు.

"వదినా, స్టీరింగ్ ఆయిల్ మాడు వాసన వస్తోంది. పోసీ పోసీ లాభం లేదు, పాతదంతా తీసి మార్పించాలి. పగలైతే షెడ్డు తెరిచి ఉంటుంది కదా, ఆయనకి చెప్పు. చెవుల్లో దూది తీసి తోలితే మలుపుల్లో అదెలా మూలుగుతోందో వినబడుతుంది. అయినా ఆయనకి బండంటే లెక్కేముందిలే!"

ఇలా అనేసి, ఆవలిస్తూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

గదిలోంచి భర్త గొంతు వినబడింది. "ఏమంటాడు నీ మరిది?"

వదినమ్మ చేతిలో గుడ్డ ఆగింది. చెవుల్లో దూది అన్న మాట ఈయన చెవిన పడితే ఈ పూట ఇల్లు ఇల్లులా ఉండదు. ఆ మాట వదిలేసి మిగతాది చెప్పవచ్చు. కానీ మార్పించమన్నాడని చెబితే, "నాకు చెప్పేపాటి మొనగాడయ్యాడా" అంటారు. అక్కణ్ణుంచి మళ్ళీ ఆ సొట్ట దగ్గరికే వెళుతుంది కథ.

"ఏం లేదండీ. నిద్రొస్తోందన్నాడు," అంది.

ఇది ఆమెకు కొత్త కాదు. మొన్న భర్త, "రాత్రుళ్ళు బండిని గొడ్డును బాదినట్టు తోలుతున్నాడు, ఊరికే స్టీరింగ్ ఆయిల్ తగ్గిపోతోంది, పోయలేక చస్తున్నానని వాడికి చెప్పు" అంటే, ఆమె మేడ మీదికి వెళ్ళి, "బాబూ, కాస్త నెమ్మదిగా తోలు" అని మాత్రం చెప్పి వచ్చింది. అలా చేస్తున్నందుకు లోలోపల కొంచెం గర్వపడేది కూడా.

అంతలో మరిది కూతురు పిచిక మెట్ల మీద నుంచి దూకుతూ వచ్చింది. తల్లి తెల్లవారకుండానే బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది కాబట్టి పిచికకు జడ వేసేది పెద్దమ్మ, బడికి దింపేది పెదనాన్న. నిద్రలో తప్ప నోరు మూయదు గనక దానికా పేరు.

"పెద్దమ్మా, నిన్న సాయంత్రం నాన్న, పెదనాన్న గేటు దగ్గర ఎదురుపడ్డారు. నాన్న ఆకాశంలోకి చూశాడు. పెదనాన్న నేల మీదికి చూశాడు. నేనిద్దర్నీ చూశాను. పైనా ఏం లేదు, కిందా ఏం లేదు!"

"నోరు మూసుకుని బండెక్కు. నీ వాగుడుకి బడి గంట కూడా వినబడదు," అన్నాడు పెదనాన్న, నవ్వు ఆపుకుంటూ.

కారు కదిలింది. వీధి చివర మలుపు తిరిగేటప్పుడు సన్నటి మూలుగు వినబడింది. వదినమ్మ చెవికి అది ఆ రోజే తగిలిందో, రోజూ తగులుతున్నా పట్టించుకోలేదో ఆమెకే తెలియదు.

మళ్ళీ పీట మీద కూర్చుని గళ్ళ గుడ్డ అందుకుంది. దాని మీద ఎర్రటి మరక. పిండి పక్కన పెట్టిన చారల గుడ్డ మీద ఇంకా వదలని పచ్చటి మరక. రెండు గుడ్డలూ పక్కపక్కన పరిచింది. రెండింటికీ ఒకటే జిడ్డు, ఒకటే ఘాటు వాసన. స్టీరింగ్ ఆయిల్ ఇద్దరూ పోస్తున్నారు. ఇద్దరూ ఒకే చోట పోస్తున్నారు. పోసింది మాత్రం ఒకటి కాదు.

చెయ్యైనా తుడుచుకోకుండా, తడి గుడ్డలతోనే వీధి చివరి షెడ్డుకు వెళ్ళింది. మెకానిక్ ఏదో బండి కిందనుంచి బయటికి జరిగి, రెండు గుడ్డలూ వాసన చూశాడు.

"ఇవి రెండు బండ్లవా వదినమ్మా?"

"ఒకటే. మాదే."

"ఎర్రదెవరు పోశారు, పచ్చదెవరు పోశారు?"

"ఆయనొకటి, మా మరిదొకటి."

"ఒకరికి తెలియకుండా ఒకరా?" అని అడిగి, ఆమె తల వంచుకోవడం చూసి మెకానిక్ లేచి నిలబడ్డాడు. "ఇవి రెండూ ఒకదానికొకటి పడవు. కలిస్తే నురగ కడుతుంది. నురగలో బలమేముంటుంది? పైగా లోపలి రబ్బర్లు పాడవుతాయి."

"తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నారు కదా, ఇంకా మార్చడమెందుకు?"

"అందరూ అనేదే ఇది. ఇంజన్ ఆయిల్ మార్చాలని అందరికీ తెలుసు, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కొన్ని బండ్ల పుస్తకాల్లో ఎప్పుడు మార్చాలో రాసి ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. రాయనంత మాత్రాన అది పాతబడకుండా ఉంటుందా? రంగు నల్లబడినా, మాడు వాసన వచ్చినా పాతది తీసెయ్యాల్సిందే. రాత్రీ పగలూ తిరిగే బండికి ఇంకా తొందరగా వస్తుంది ఆ రోజు. అసలు మాటిమాటికీ తగ్గుతోందంటేనే ఎక్కడో కారుతోందన్నమాట. అది గొట్టాల్లో తిరిగేదే గాని తాగేది కాదు కదమ్మా!"

"ఇప్పుడేమవుతుంది?"

"నెమ్మదిగా పోతూ గట్టిగా మలుపు తిప్పేటప్పుడు ఒక్కసారిగా రాయిలా బిగుసుకోవచ్చు. ఏ పూటన్నది చెప్పలేం. బండెక్కడుంది?"

బండి పిచికను దింపడానికి బడి వైపు వెళ్ళింది. బడికి వెళ్ళే సందు దిగుడు. దిగుతూనే కుడిచేతికి మలుపు. ఆ మలుపులో పిల్లలు నడుస్తూ ఉంటారు.

అక్కడే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. తోలేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. ఆ మంచి అలవాటు ఆమెను ఇంత భయపెట్టడం అదే మొదటిసారి. బడికి ఫోన్ చేస్తే పాప ఇంకా రాలేదన్నారు. పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, మేడ మెట్లెక్కి మరిది తలుపు దబదబా బాదింది.

"బాబూ, లే! స్టీరింగ్ బిగుసుకుపోవచ్చంటున్నాడు మెకానిక్. పిచిక బండిలో వెళ్ళింది."

మరిదికి నిద్రమత్తు ఒక్క క్షణంలో వదిలింది. "అదేంటి? షెడ్డుకు తీసుకెళ్ళలేదా? నువ్వు చెప్పలేదా వదినా?"

వదినమ్మ అప్పటికే మెట్ల వైపు తిరిగింది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కిందికి దిగాడు. ఇద్దరూ గేటు దాకా వచ్చేసరికి అవతలి వైపునుంచి నడిచి వస్తూ కనబడ్డారు అన్నా, పిచికా. కారు లేదు. పిచిక నుదుటి మీద మందుల షాపులో వేయించిన దూది, ప్లాస్టర్. పెదనాన్న కుడి మణికట్టు వాచి ఉంది. పిచిక మాట్లాడటం లేదు. వదినమ్మ ఎదురెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకుంది.

లోపలికి వచ్చి అందరూ కూర్చున్నారు. పిచికే మెల్లగా చెప్పింది. "స్టీరింగ్ తిరగలేదు పెద్దమ్మా. పెదనాన్న రెండు చేతులతో లాగాడు. అక్కడ పిల్లలున్నారని గోడ వైపు లాగేశాడు. నా తల సీటుకి కొట్టుకుంది. పెదనాన్న ఏడ్చాడు."

తమ్ముడు కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని నుదురు తడిమి చూశాడు. అన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. తమ్ముడు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కూర్చుని ఉన్నాడు. అయినా ఎడమచేత్తో ఆ తాళంచెవిని భార్య వైపు చాపాడు.

"ఇది వాడికివ్వు. బండి బడి గోడ దగ్గరుందని చెప్పు."

తమ్ముడు తలెత్తకుండానే అన్నాడు. "వదినా, దెబ్బ ఇంకెక్కడైనా తగిలిందేమో ఆయన్ని అడుగు."

వదినమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇప్పుడు కూడా! పిల్ల నెత్తురు ఇంకా ఆరలేదు.

"అడగను," అంది. ఆమె గొంతు అంత గట్టిగా వినడం ఆ ఇద్దరికీ అదే మొదలు. "చెప్పను కూడా. పొద్దున ఇతను మీతో చెప్పమన్నాడు, ఆయిల్ మార్పించమని. నేను చెప్పలేదు. మీరు పోస్తున్నారని ఇతనికీ చెప్పలేదు. మీ మాటల్లో ముల్లు తీసేస్తున్నాననుకుని మాటనే పారేశాను. దెబ్బలాడుకుని ఉన్నా బాగుండేది. మీరు ఎర్రది పోస్తే అతను పచ్చది పోయకుండా ఆగేవాడు!"

"నేను పోసింది పచ్చది," అన్నాడు భర్త నెమ్మదిగా.

"ఏదైతేనేం! ఒక్క బండి తోలుతూ, ఒక్క పిల్లని ఇద్దరూ ప్రాణంలా చూసుకుంటూ, ఒక్క ముక్క మాట్లాడుకోలేకపోయారు. పైపైన పోసుకుంటూ వచ్చారు. నేనూ అదే చేశాను, సర్దుకుంటూ వచ్చాను. అడుగున మడ్డి అలాగే ఉండిపోయింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు కోపంగానైనా సరే ఒకరి ముఖం చూసి ఒకరు చెప్పుకోవాలి. మధ్యలో ఇంకో మనిషిని పెట్టుకుని బతికితే, ఆ చెప్పని మాటకు దెబ్బ తినేది పసిపిల్లలు."

భర్త చెయ్యి ఇంకా తాళంచెవితో అలాగే చాచి ఉంది. వదినమ్మ దాన్ని అందుకుంది. మేకుకు తగిలించలేదు, మరిదికి ఇవ్వలేదు. ఇద్దరి మధ్యా ఉన్న చిన్న బల్ల మీద పెట్టింది. తమ్ముడు అన్న వాచిన మణికట్టు వైపు చూస్తున్నాడు. అతని పెదవులు కదిలాయి. అలవాటుగా "వదినా" అనబోయి ఆగిపోయాడు.

వదినమ్మ పిచిక చెయ్యి పట్టుకుంది. వదినమ్మ చెప్పులేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, ఇక వాళ్ళే చెప్పుకోవాలని ఆ ఇద్దర్నీ ఇంట్లో వదిలి, తలుపు దగ్గరగా వేసి పిల్లతో వీధిలోకి నడిచింది.