కొలతకి పెట్టిన చెయ్యి

పదకొండేళ్ళు నీళ్ళడుగున పగడాన్ని కొలిచిన మనిషి, పక్కనే ఉన్న మొగుడి చేతిని ఒక్కసారి కూడా కొలవలేదంటే నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

మొదటి ఏడు జరిగింది ఉత్త మతిమరుపు. గుమ్మటంలాంటి ఆ పెద్ద పగడం ఏడాదికెంత పెరుగుతుందో తేలుద్దామని ఇద్దరూ సముద్రంలోకి దిగారు, స్కేలు పడవలోనే వదిలేసి. ఆయన తాపీగా ఉంగరం ఉన్న చెయ్యి పగడం పక్కన పెట్టాడు. ఈవిడ ఫోటో తీసింది. మరుసటేడు ఆయన స్కేలు తెస్తే ఈవిడే ఒప్పుకోలేదు. మొండిఘటం కదా. "మొదట దేంతో కొలిచామో చివరిదాకా దాంతోనే కొలవాలి. పెట్టండి చెయ్యి," అంది.

పగడానికి పెద్దావిడ అని పేరు పెట్టింది ఆయనే. పోయినేడు పడవలో, "పెద్దావిడ ఒళ్ళు చేస్తోంది, నేను చిక్కిపోతున్నాను. అన్నం ఎవరికి పెడుతున్నావో తెలిసిపోతోందిలే," అని వేళాకోళమాడితే పడీపడీ నవ్వింది. ఉంగరానికి దారం చుట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "నీళ్ళల్లో జారిపోతుందని," అన్నాడు. సరేలెమ్మని కెమెరా సర్దుకుంది.

ఆయన పోయి నాలుగు నెలలు. కడుపులో జబ్బు, బయటపడేసరికే ముదిరిపోయింది. రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే బాగుండేదన్నాడు డాక్టరు.

ఇప్పుడు ఆవిడ పనిచేసే పరిశోధన సంస్థకి కొత్త డైరెక్టరొచ్చాడు. "ఈ చెయ్యి వెడల్పెంతండీ? అది తెలియకపోతే ఈ ఫోటోలు లెక్కలోకి రావు. ఈ వారంలో తేల్చండి, లేదంటే పక్కన పెట్టేయాల్సిందే," అన్నాడు. పక్కన పెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి చేసిన పని అదొక్కటే మిగిలింది మరి.

దారి చూపించింది ఆడపడుచు. "వదినా, ఫోటోల్లో అన్నయ్య ఉంగరం కనపడుతోందిగా. ఆసుపత్రివాళ్ళిచ్చిన కవర్లో ఉంది. నువ్వే తెరవనన్నావు."

తెరిచింది. దారం అలాగే ఉంది. ఉంగరం పట్టీ వెడల్పు సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, ఆ నాలుగునే ఆధారం చేసుకుని పదకొండు ఫోటోలూ కొలిచింది. పెద్దావిడ తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరిగింది. హమ్మయ్య, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

లెక్క సరిచూసుకోకపోతే ఆవిడకి తోచదు. మారని వస్తువు ఇంకొకటి కొలిస్తే సరి. నడివయసు మనిషి వేలు పెరగదు, తరగదు కదా అని ఆయన ఉంగరపు వేలు కొలిచింది. మొదటి ఫోటోలో ఇరవై మిల్లీమీటర్లు. ఎనిమిదోదాని దాకా ఇరవయ్యే. తొమ్మిదోదానిలో పంతొమ్మిది. పదోదానిలో పదిహేడున్నర. చివరిదానిలో పదహారు.

తప్పేమోనని మళ్ళీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. తప్పు లేదు.

"నా కళ్ళముందేగా పెట్టారు చెయ్యి," అని బల్లమీద తల వాల్చి ఏడ్చింది. ఎంత ఏడ్చినా ఆ అంకెలు అక్కడే ఉన్నాయి.

పగడం లెక్క మాత్రమే పంపింది. మర్నాడు డైరెక్టరు ఫోను చేశాడు. "మీ రికార్డు నిలబడిందండీ. మీ కంట్లోంచి ఒక్క మిల్లీమీటరు కూడా తప్పించుకోదు."

"నాలుగు తప్పించుకున్నాయండీ," అంది.

ఎక్కడెక్కడని డైరెక్టరు కంగారుగా అడిగాడు.

"పగడానివి కావులెండి," అని ఆవిడ ఫోను పెట్టేసింది.