మడతలో ఎలుగుబంటి

“దారిలో ఆ బస్సుకి బ్రేకులు పడకపోతే?”

పాలగిన్నె దించుతూ పైకే అనేసింది ఆమె. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బస్సు సాయంత్రానిది. అయినా దాని బ్రేకుల సంగతి పొద్దున్నే మొదలుపెట్టకపోతే మిగతా వాటికి టైము చాలదు.

గది మధ్య నేల మీద కూర్చుని కూతురు కొత్త బూట్లకు తాళ్లు ఎక్కిస్తోంది. తలెత్తలేదు.

“బ్రేకులు పడ్డాయే అనుకో. ఆ కాపలా గది తలుపు గట్టిదో కాదో. పాముకి తలుపుతో పనేముంది, కింద సందు చాలు. నీళ్లెక్కణ్ణించి తెచ్చుకుంటావు? వాగులోంచా? అయ్యయ్యో, మృగాలన్నీ వచ్చేది ఆ వాగు దగ్గరికే కదే!”

“అమ్మా.”

“ఊఁ.”

“ఒకటి అడుగుతాను, ఇస్తావా?”

“దుప్పటేగా? రెండు పెట్టాను.”

“దుప్పటి కాదు. ఇవాళ నన్ను బస్సెక్కించేటప్పుడు ఒక్క భయం కూడా చెప్పకు. నీ మాటలన్నీ నెత్తిన పెట్టుకుని అక్కడ దిగితే నాకు కాలు ముందుకు పడదు. రేపు పొద్దున్న ఒక్కదాన్నే గట్టు మీద నడవాలి. ఒక్క పూట, అమ్మా.”

ఆమె పాలు గ్లాసులో పోసి, అంచుకు అంటిన మీగడ వేలితో తీసి, ఆ వేలిని ఏం చేయాలో తోచనట్టు కాసేపు అలాగే పట్టుకుంది.

“సరేలే,” అంది చివరికి.

కూతురికి వచ్చింది అడవి అంచున కాపలా ఉద్యోగం. ఇటు పొలాలు, అటు అడవి, మధ్యలో కందకం, దాని పక్కన గట్టు. రోజూ ఆ గట్టు వెంట నడవాలి. కంచె ఎక్కడ తెగింది, ఏనుగు ఎక్కడ తొక్కింది, ఇటు గొడ్లు అటు పోయాయా, అటువి ఇటు వచ్చాయా అని చూడాలి. కుర్చీలో కూర్చుని చేసుకునే ఉద్యోగాలు లోకంలో గొడ్డుపోయాయా అని తల్లి నెలంతా అడిగింది. పిల్ల నవ్వి ఊరుకుంది.

అడగడానికి తనకు మొహం లేదని ఆమెకు తెలుసు. నిప్పు ఇంట్లోకి తెచ్చింది తనే.

ఆమె పని ప్రెస్సు వెనక రేకుల షెడ్డులో, పుస్తకాల బైండింగులో. ప్రెస్సు యజమానికి అడవి పుస్తకాల పిచ్చి. మొక్కల మీద, మృగాల మీద, అడవిని ఆనుకుని బతికే ఊళ్ల మీద వేసిందే వేస్తుంటాడు. చెట్లు కొట్టి కాగితం, కాగితం మీద చెట్ల గురించి దిగులు, అని షెడ్డులో నవ్వుకుంటారు. అచ్చులో చెడిపోయిన పెద్ద కాగితాలను ఆమె పిల్ల పుస్తకాలకు అట్టలేయడానికి ఇంటికి తెచ్చేది. అట్టలకు పోగా మిగిలినవి పిల్ల నేల మీద పరిచి చదివేది. మడవని కాగితంలో పేజీలు వరసగా ఉండవు, సగం తలకిందులుగా ఉంటాయి. పిల్ల మోకాళ్ల మీద పాకుతూ, కాగితం చుట్టూ తిరుగుతూ, పులి తోకను ఒక మూల, తలను ఇంకో మూల వెతుక్కునేది. అల్లరి లేకుండా ఆడుకుంటోంది కదా అని తల్లి మురిసిపోయింది. వీధిలో ఆడితే లారీ వస్తుందని భయం. కాగితం మీద పులి ఉంటే ఏం, అనుకుంది. ఆ కాగితమే పిల్లను ఇంతదూరం పాకించుకుపోతుందని ఎవరనుకున్నారు?

ఆమె భయపడిన వాటిలో ఏదీ ఎప్పుడూ జరగలేదు. చెబితే నవ్వుతారు గానీ, ఆమె బతుకంతా ఇంతే. భర్త లారీ నడిపేవాడు. ఘాటు రోడ్డు, నిద్రమత్తు, తాగి ఎదురొచ్చేవాళ్లు, పేలే టైర్లు, ప్రతిదానికీ ఆమె భయపడింది. అతను ప్రతిసారీ చెక్కుచెదరకుండా ఇంటికి వచ్చాడు. చివరికి ఒక సెలవు రోజు మధ్యాహ్నం, సుఖంగా తిని, గోడకు ఆనుకుని కునుకు తీస్తూ పోయాడు. గోడ గురించి ఆమె ఎన్నడూ భయపడలేదు. ఆ రోజు ఆమెకు లోకం తీరు బోధపడింది: భయపడిన చోటికి ఆపద రాదు, మరిచిన సందులోంచే దూరుతుంది. అప్పటినుంచీ పిల్ల చుట్టూ భయాన్ని కంచెలా పాతుకుంటూ వచ్చింది. ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఇవాళ ఆ పిల్లే వచ్చి, కంచెలో ఒక గుంజ పీకెయ్యమంది.

షెడ్డులో పొడుగాటి బల్ల. మడత మిషను మడిచి ఇచ్చిన ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, దాని చుట్టూ దొంతరలుగా ఉంటాయి. ఆమె బల్ల చుట్టూ నడుస్తూ దొంతరకొకటి తీసి, వరసగా పేర్చి, బల్లకు తట్టి అంచులు సరిచేసి, కుట్టే మనిషి ముందు పెడుతుంది. ఆ తిరుగుడంతా తిన్నగా పరిస్తే అడవి దాటి అవతలి ఒడ్డుకు ఎప్పుడో చేరేది. ఎప్పుడూ ఒకే వైపు తిరగడం వల్ల ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. కాగితం రాసుకుని వేలికొసలు నున్నగా మెరుస్తాయి. మాటకి ముందొక అయ్యయ్యో ఉంటుంది కాబట్టి షెడ్డులో ఆమె పేరు అయ్యయ్యో అక్క.

“ఏంటక్కా, ఇవాళ ఒక్క అయ్యయ్యో కూడా రాలేదు? గొంతు పట్టిందా?” అంది కుట్టే మనిషి, సూదిలో దారం ఎక్కిస్తూ.

“మాటిచ్చాను. బస్సెక్కేదాకా భయం మాటలు అనకూడదట.”

“దానికి చెప్పకూడదు. నాకు చెప్పెయ్యొచ్చుగా? అన్నీ ఇక్కడ దించేసి ఖాళీ చేతుల్తో వెళ్లు. నేను ఊఁ కొడతాను.”

ఆ మాట ఆమెకు నచ్చింది. బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పడం మొదలుపెట్టింది. “ఏనుగు.”

“ఊఁ.”

“పిచ్చెక్కిన ఏనుగు.”

“ఏనుగన్నావుగా, అందులో కలిసిపోతుందిలే.”

“రెండూ వేరే. తేలు. పిడుగు. కందకంలో పడి కాలు విరగడం. జ్వరం. జ్వరంలో ఒంటరిగా ఉండటం. తేనెటీగలు. దొంగ కలప కొట్టేవాళ్లు.”

“మంచి మొగుడు దొరకడం?”

“నోరు ముయ్యవే,” అంది కానీ, పెదవి చివర కొంచెం కదిలింది.

మధ్యాహ్నానికి చెప్పవలసినవన్నీ అయిపోయినట్టే అనిపించింది. అప్పుడు చేతిలోకి కొత్త పుస్తకం ఫారం వచ్చింది. గట్టు మీద ముసలివాడయ్యేదాకా నడిచిన ఒక కాపలాదారు రాసిన పుస్తకం అది. మడిచిన ఫారంలో అన్ని పేజీలూ కనబడవు. మొదటిదీ చివరిదీ పైన ఉంటాయి. తెరిస్తే నడిమి రెండూ కనబడతాయి. మిగతావి కుట్టి అంచులు కోసేదాకా మడతలోనే ఉండిపోతాయి. అడవి గురించి ఆమెకు తెలిసిందంతా అలా గంతులు వేస్తూ తెలిసిందే. నడిమి పేజీ అడుగున ఇలా ఉంది: ‘పొదలోంచి ఎలుగుబంటి లేచి రెండు కాళ్ల మీద నిలబడింది. చెయ్యి చాపితే అందేంత దూరం. కర్ర గట్టు కిందే వదిలేశాను. నేను’

అంతే. ఆ తర్వాత కంటికి ఆనే పేజీలో పుట్టగొడుగుల్లో తినదగినవి ఏవేవో రాసి ఉంది.

ఎలుగుబంటి! ఎలుగుబంటిని మరిచిపోయింది.

నిలబడ్డచోటే నిలబడిపోయింది. అతను పరిగెత్తాడా? చెట్టెక్కాడా? మడతను బుడగలా ఉబ్బించి ఒక కన్ను మూసి లోపలికి చూసింది. మాటల తోకలు కనబడ్డాయి గానీ మనిషి బతికాడో లేదో కనబడలేదు. బతక్కపోతే పుస్తకమెవరు రాస్తారన్న ఆలోచన ఆమెకు రాలేదు. వేలు మడతలో దూర్చి లాగింది. కాగితం పరపరమంటూ అడ్డదిడ్డంగా, అక్షరాల మీదుగా చిరిగింది. అంచుల్ని అంత జాగ్రత్తగా తట్టి సరిచేసే ఆ చేతులు ఒక్క ఫారం చింపడం ఆ షెడ్డు అదే మొదటిసారి చూడటం.

‘నేను కదల్లేదు,’ అని ఉంది లోపల. ‘కదలడానికి కాళ్లు నావైతే కదా. అది నన్ను చూసింది. గాలి పీల్చింది. గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మి, నాలుగు కాళ్ల మీదికి దిగి, వచ్చిన దారినే పోయింది. నేనూ ఇంటిదారి పట్టాను.’

కటింగు మిషను దగ్గర్నుంచి మేస్త్రి వచ్చాడు. చిరిగిన కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “నువ్వేనా అక్కా, చింపింది?”

“తుమ్మిందట.”

“ఎవరు?”

“ఎలుగుబంటి. తుమ్మి వెళ్లిపోయిందట.”

“వెళ్లదా మరి?” అంది కుట్టే మనిషి. “బయల్దేరుతుంటే తుమ్ము వస్తే మనమాగమూ? అదీ ఆగి వెనక్కి తిరిగింది. పద్ధతి తెలిసిన ఎలుగు.”

మేస్త్రి నవ్వు ఆపుకోలేక, ఇంకో ఫారం తీసుకోమని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. షెడ్డంతా నవ్వింది. ఆమె మాత్రం ఆ పేజీ మళ్లీ చదివింది. అతను భయపడ్డాడు కాబట్టే బతికాడు, అని తేల్చుకుంది. అయినా ఎక్కడో చిన్న అనుమానం మిగిలింది. అందులో అతను చేసిందేమీ లేదు. ఊరికే నిలబడ్డాడు.

సాయంత్రం ముందుగా సెలవడిగి బస్టాండుకు వెళ్లింది. కూతురు అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉంది, బూట్లతో, ఒళ్లో సంచితో. ఆమె కిటికీ కింద నిలబడి చువ్వ పట్టుకుంది. బస్సు వెనక టైరు అరిగి ఉండటం చూసింది. డ్రైవరు ఆవలించడం చూసింది. పైన మబ్బు పట్టడం చూసింది. చూసినదల్లా గొంతుదాకా వచ్చి ఆగింది. పెదాలు లోపలికి మడిచి పళ్లతో నొక్కి పట్టుకుంది.

పక్క సీటామె తన వాళ్లకు జాగ్రత్తలు అరిచి చెబుతోంది. కూతురు ఆమె వైపోసారి, తల్లి వైపోసారి చూసింది.

“ఏంటమ్మా, ఏమీ అనవేంటి?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“కోపమా?”

మళ్లీ ఊపింది. ఇంజను మొదలైంది. చేతికింద చువ్వ వణికింది. కూతురి మొహంలో కొత్తగా ఏదో కనబడింది. చిన్నప్పుడు కాగితం మీద తోక దొరికి తల దొరకనప్పుడు ఆ మొహం అలాగే ఉండేది.

“ఏదో ఒకటి చెప్పమ్మా. ఇలా ఉంటే నాకే భయమేస్తోంది.”

బస్సు కదిలింది. ఆమె రెండడుగులు పక్కనే నడిచింది. భయం లేని మాట కోసం తన బుర్రంతా వెతికితే ఒక్కటే దొరికింది.

“ఎలుగుబంటి తుమ్ముతుందట!”

“ఏంటీ?”

“తుమ్మి వెళ్లిపోతుందట! దాని దారిన అది!”

కూతురు అర్థం కాక చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. చెయ్యి బయట పెట్టి ఊపింది. చెయ్యి లోపల పెట్టుకోవే, ఎదురుగా బండి వస్తే, అనబోయి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి బయటే ఉంది.

నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. మాట నిలబెట్టుకున్నందుకు గర్వంగానూ, గుంజ పీకిన చోట గాలి కొడుతున్నట్టుగానూ ఉంది. తాళం తీసి లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తన ఊపిరి తనకే వినిపించింది. ఏనుగు దగ్గర్నుంచి తేలు దాకా అన్నీ తలుచుకున్న మనిషి, ఈ గది ఇలా ఉంటుందని ఒక్కసారీ తలుచుకోలేదు. కంచె అంతా అటే పాతింది. ఇటు వైపు ఎవరూ కాపలా లేరు.

ఇంటి కప్పు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

“ఏమే, కిటికీ వేశావా?” అంది అలవాటుగా, వెనక్కి తిరక్కుండానే.

చినుకులు జోరందుకున్నాయి. కిటికీ రెక్క ఒకసారి కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది. జల్లు లోపలికి వచ్చి నేల తడిపి, చాప అంచుదాకా పాకింది. చాలాసేపటికి ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వెళ్లి, రెక్క లాగి, గడియ పెట్టింది.

“వేశాను,” అంది.

అద్దం అవతల, పొద్దున తలస్నానం చేసి కూతురు ఆరేసి మరిచిపోయిన తువ్వాలు, తీగ మీద ఒంటరిగా వానలో తడుస్తోంది.