టిక్కీలో కేసుబుక్కు

మొదట్లో మీరా హుస్సేన్‌కి ఉన్నవి: ప్రత్తిపాడులో ఒక రేకుల గోడౌను, అందులో నలభై టిక్కీల, అంటే గోనె బస్తాల, తేజ రకం మిరపకాయ, పదకొండేళ్లుగా ఆసుపత్రిలో కాన్పులు చేస్తున్న భార్య నజ్మీన్.

ఆమె నర్సింగులో పీజీ చదువుతానన్నప్పుడు ఆయనకు బేరం అర్థం కాలేదు.

"వచ్చిన పనికి మళ్ళీ చదువేంటి?"

"కాయ నలిపి తేమ ఎంతో చెప్తారుగా. ఎలా తెలిసిందో చెప్పండి చూద్దాం."

"చేతికి తెలుస్తుంది."

"నా చేతికీ తెలుసు. కొత్తగా వచ్చే నర్సులకి నా చేతులు అరువివ్వలేనుగా. చెప్పడం నేర్చుకోవాలి."

ఆయన ఫీజు కట్టాడు.

రెండేళ్ళు గడిచాయి. ఇక మిగిలింది ప్రాక్టికల్ పరీక్ష. దానికి కేసుబుక్కు చూపించాలి. నజ్మీన్ చేసిన కాన్పుల వివరాలు, ఒక్కోదాని కింద కాలేజీ మేడం సంతకం ఉన్న బుక్కు అది. లేకపోతే పరీక్షకు రానివ్వరు. ఇంట్లో పుస్తకాల అరకు చెద పట్టిందని మీరా హుస్సేన్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఒక టిక్కీలో కాయల మధ్య పెట్టి మూతి కుట్టేశాడు. మిరపకాయ జోలికి చెద రాదని ఆయన నమ్మకం. గోనె మీద గుర్తు మాత్రం పెట్టలేదు.

పరీక్ష ముందురోజు ఆయన మిర్చి యార్డు నుంచి వచ్చేసరికి గోడౌను ఖాళీ. రెండ్రోజులాగి రమ్మన్న హమాలీల ముఠా అప్పుడే వచ్చి, సరుకంతా కోల్డ్ స్టోరేజికి తోలేసింది.

సంగతి వినగానే నజ్మీన్ శాలువా కప్పుకుని బండెక్కింది.

కోల్డ్ స్టోరేజిలో ముఠా మేస్త్రీ రంగయ్య తల పట్టుకున్నాడు. "అన్నీ కుమ్మరిస్తే కాయ నాశనమైపోద్ది సాయిబుగారూ! సరుకు దాచేవాళ్ళని చూశాగానీ, కాన్పులు దాచినోణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"విప్పొద్దు బాబాయ్," అంది నజ్మీన్. "ఒక్కోటీ కింద పడుకోబెట్టించు."

మొదటి టిక్కీ పక్కన కూర్చుని రెండు అరచేతులూ ఆనించింది. ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో నెమ్మదిగా తడిమింది. కడుపులో బిడ్డ ఎటు తిరిగి ఉందో చూసే పద్ధతి అది.

"ఎన్నో నెలమ్మా?" అన్నాడు రంగయ్య. ముఠా అంతా నవ్వింది. మీరా హుస్సేన్‌కి నవ్వు రాలేదు.

చలికి ఆమె వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఊదుకుంటూ తడుముతోంది. ఇరవై ఏడో టిక్కీ దగ్గర చేతులు ఆగాయి. మళ్ళీ వెనక్కొచ్చి ఒత్తాయి.

"అడ్డంగా ఉంది," అంది.

రంగయ్య కుట్టు కోసి చెయ్యి పెట్టాడు. కవరు బయటికొచ్చింది. మీరా హుస్సేన్ దాన్ని అందుకుని దుమ్ము దులిపాడు.

"ఎలా తెలిసింది?"

"కాయ ఒత్తితే జరుగుతుంది. ఇక్కడ ఒక అంచు జరగకుండా ఎదురు నిలబడింది. చూశారా, చెప్పడం కూడా వచ్చింది."

మర్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం బుక్కు తెరిచి వరసగా మూడుసార్లు తుమ్మింది. తర్వాత ప్రతి పేజీ చదివింది. నెలకి ఫలితం వచ్చింది, పాసు.

మీరా హుస్సేన్ లెక్క చూసుకున్నాడు. గోడౌను అదే. టిక్కీలు నలభై, ఒకదానికి కుట్టు కొత్తది. భార్య చేతులు రెండూ ఎప్పటివే. ఇప్పుడవి తమకు తెలిసింది నలుగురికీ చెప్పగలవు. లాభం అంతా అందులోనే ఉంది.