మూఁడవ దర్పణము

శ్రావణమాసపు నడిమి దినములవి. సముద్రగర్భమునుండి లేచిన నీలమేఘపంక్తులు కొండశిఖరముల నాశ్రయించి పదిదినములుగా నెడతెగక వర్షించుచుండఁగా జీడిమామిడితోఁటలు తలలు వాల్చి నిలువున నానుచుండెను. గోడలు చెమర్చెను. తలుపు లుబ్బి మూయరాకుండెను. ఆ కొండవాలునందు దర్పణములకుఁ బూఁతవేయు కర్మశాల యొకటి కలదు. అందలివా రెల్లరు నా ఋతువునందు వాననుగాక వేఱొక శత్రువును దలఁపకుండిరి.

ఆ కర్మశాల కధ్యక్షురాలు సువర్చల. మితభాషిణియు శ్రమైకజీవనయు నగు నామె నక్షత్రములనుండి వెలువడు నతినీలలోహితకాంతిని గ్రహించు నుపగ్రహమునకై నాలుగు సంవత్సరములుగా దర్పణములను సిద్ధపఱచుచుండెను. ఆ కాంతి మానవనేత్రమునకు గోచరింపదు. దానిని బ్రతిఫలింపఁజేయుటకు గాలిలేని పాత్రలో నద్దముపై నల్యూమినియమును బూసి యది గాలి సోఁకి చెడకమున్నే మెగ్నీషియము ఫ్లోరైడు పొరను గప్పవలయును. ఆ పైపొర తలవెండ్రుకలో మూఁడువేలవ వంతు మందము.

మొదటి రెండు దర్పణములును బూఁతవేసిన నాఁడు మిగుల వెలిఁగి మాసము తిరుగకమున్నే యా యదృశ్యకాంతికి మసకవాఱెను. కంటికిమాత్రము నిర్మలములై కానవచ్చుచుండెను. తేమయే కారణమని యందఱును నిశ్చయించిరి. సువర్చలయు నట్లే తలఁచి పూఁతవేళ వేఁడిమిని హెచ్చించెను. పైపొరను దిట్టము చేసెను. అయినను సందేహ మొక్క టామెను విడువదయ్యెను. వారమువారము పరీక్షాదీపపు వెలుఁగు పడిన నడిమిభాగమే మసకవాఱినది. అంచులు చెడలేదు. తేమ నడుమను గఱచి యంచులను విడుచునా?

మిగిలినది మూఁడవ దర్పణ మొక్కటియే. అదియుఁ జెడెనేని కర్మశాల మూయఁబడునని ముందే తెలిపియుండిన పై యధికారి శేషాచలపతి దానిని బరీక్షించుటకై యానాఁటి యుదయమున వచ్చెను.

“అమ్మాయీ, మొదటి రెంటికి మేఘములను సాక్ష్యము పిలిచితివి. నేఁడు వానిని లోపలికి రమ్మందునా వెలుపలనే యుంచుదునా” అని యాయన యనఁగాఁ గొందఱు నవ్విరి. సువర్చల నవ్వలేదు.

అంతట దర్పణరక్షకుఁడగు కోటయాచారి టేకుపేటికను రెండు చేతుల నెత్తుకొని వచ్చెను. దేవతాభరణములకు మెఱుఁగుపెట్టిన వంశమున జనించి యద్దములకు మెఱుఁగుపెట్టుచు నఱువది యేండ్లు నిండిన యావృద్ధుఁడు స్నానము చేయక పేటికను ముట్టెడివాఁడు కాఁడు. దర్పణముల నంత భక్తితోఁ గాచువానిని శంకింపవలయునన్న తలంపే యెవ్వరికిని గలుగలేదు. ఎనిమిదిదినములుగాఁ బేటికలో నున్న దర్పణమును వాఁడు పరీక్షాపాత్రలో నిలిపెను. మూఁత పడెను. గాలిని వెడలఁగొట్టు యంత్రము మ్రోయసాగెను. పరిచారిక కాశీరత్నము దీపపు మీటపైఁ జేయి యుంచి యాజ్ఞకై నిరీక్షించుచుండెను.

తేమచేత సువర్చల కన్నద్దములు మసకలుగ్రమ్మెను. ముక్కును గప్పిన ముసుఁగును దించి వానిని దుడుచుకొనుచుండఁగాఁ జెంత వట్టిదై యున్న పేటికనుండి చల్లని పరిమళ మొక్కటి యామె నాసికను సోఁకెను. ఆమె చేయి నిలిచిపోయెను.

“రత్నమా, మీటనుండి చేయి తీయుము.”

ఆ స్వరము సన్నమైనను దానిలోని భీతికి రత్నము తటాలునఁ జేయి తీసెను. సువర్చల పేటికను జూపి యందేమి యుంచితిరని యాచారి నడిగెను.

“కర్పూరము, తల్లీ. పట్టుచీరలకుఁ బురుగు చేరకుండ మా యమ్మ యుంచెడిది. నేనును బ్రతి శుక్రవారము క్రొత్తబిళ్లను బెట్టుచుంటిని. దర్పణముమీఁద నా వ్రేలు పడలేదు.”

సువర్చల యధికారివైపు తిరిగి తడఁబడుచునే వివరించెను. కర్పూరపుటావిరి కంటికిఁ గానరాక దర్పణముపై వ్రాలును. ఊరకయుంచినచోఁ దనంతఁ దానే పోవును. అతినీలలోహితదీపము దానిపైఁ బడెనా మూఁకుటి యడుగున మాఁడిన నూనెవలె నంటుకొని యిఁక వదలదు. అంచులు చెడకుండుటకుఁ గారణ మిదియే. ఈ దర్పణము పేటికఁ జేరినపిమ్మట దీపమును జూడలేదు. సాయంకాలముదాఁక గాలిలేని పాత్రలో నుంచినచో వచ్చిన యావిరి వచ్చినట్లే పోవును.

శేషాచలపతి గడియారమును జూచెను. మధ్యాహ్నమునకే తన ప్రయాణమని చెప్పెను.

“నీ యూహ తప్పైనచో?”

“కర్మశాలను మూయింపుఁడు. ఈ యాచారిగారినిమాత్ర మొక్కమాట యనకుఁడు. పేటికలో నేమి యుంచరాదో నేను నాలుగేండ్లలో నొకనాఁడును జెప్పలేదు. ఏమి యుంచిరో యడుగనులేదు.”

ఆయన కుర్చీ లాగుకొని కూర్చుండెను.

పగ లతిదీర్ఘమయ్యెను. వాన రేకులపై మ్రోఁగుచుండెను. తెచ్చిన పులిహోర పొట్లముల నెవ్వరును విప్పరైరి. ఆవిరి నిజముగాఁ బోవుచున్నదో లేదో చూపు గుఱుతేదియు లేదు. దీపము వెలిఁగించినఁగాని తెలియదు. వెలిఁగించినపిమ్మటఁ దెలిసియు దిద్దుకొన వలనుపడదు. కోటయాచారి ముమ్మాఱు చేతులు గడుగుకొని తన వస్త్రములందు నా వాసన యుండునేమోయని గది వెడలి గాజుతలుపు కావల వసారాలో నిలిచెను. కూర్చుండుమన్నను గూర్చుండఁడయ్యెను.

అయిదుగంటల వేళ సువర్చల తానే మీట నొక్కెను. పడిన కాంతిలో నూటి కెనుబది పాళ్లు ప్రతిఫలింపవలయును. దీపము కుదురుపడుదాఁక మాపకయంత్రమునం దంకెలు డెబ్బదికిని డెబ్బదితొమ్మిదికిని నడుమ నల్లాడెను. పిదప నవి మెల్లగాఁ బైకెగసి యెనుబదిమూఁటికడ నిలిచెను.

కాపాడఁబూనిన వస్తువు స్వభావము నెఱుఁగని ప్రేమ దానికే పగయగును. ఈ సత్యము నానాఁ డావృద్ధునివలె నెఱిఁగినవారు లేరు. తలుపు కావలనుండి యాతనికి దీపము గాని యంకెలు గాని కానరాలేదు. గాజుపై వానచినుకులు జాఱుచుండఁగా నాతఁడు లోపలివారి ముఖముల నొక్కొక్కటిగాఁ జూచెను. తుదకు సువర్చల ముఖమును జూచి యప్పటికిఁ గూర్చుండెను.