రిసెప్షన్‌లో ద్రాక్షతీగ

టస్కనీ ఫొటో అద్దం తుడవడం అయ్యాక బాలనర్సయ్య గుడ్డ పిండి డోరో లోయ వైపు జరిగాడు. గోడంతా ద్రాక్షతోటల ఫొటోలే. హైటెక్ సిటీలోని ఆ ట్రావెల్ కంపెనీ జనాన్ని విదేశాల్లోని ఆ చోట్లకు తీసుకెళ్ళి, రోజుకొక తోటలో కూర్చోబెట్టి, తీరిగ్గా వైన్ తాగించి తీసుకొస్తుంది. ఆఫీసు తెరిచేలోగా అద్దాలన్నీ అయిపోవాలి. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. గోళ్ళు ఫినాయిల్‌కు పసుపెక్కాయి.

మేడ్చల్ వైపు ద్రాక్షతోటలు ప్లాట్లయ్యేదాకా అతను ఆ పందిళ్ళ కిందే పని చేసి బతికాడు. తర్వాత జీడిమెట్లలో ఒక గేటు దగ్గర కాపలా కూర్చుంటే, చూపు తగ్గిందని తీసేశారు. క్లీనింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్ జయమ్మను బతిమాలుకుంటే ఈ పని దొరికింది. ఇది పోతే మరొకటి లేదని అతనికీ తెలుసు, హఫీజ్‌పేట్ కిరాయి గదిలో మంచం పట్టిన భార్య సత్తెమ్మకూ తెలుసు.

రిసెప్షన్ మూల పెద్ద కుండీలో నిజం ద్రాక్షతీగ ఉంది. వెనక గోడకున్న చట్రం నిండా ఆకులు గుబురుగా కమ్ముకున్నాయి. దసరా వెళ్ళిపోయింది. ఎండ తగలని ఏసీ గదిలో తీగకు కాయ రాదని అతనికి తెలియంది కాదు. అయినా స్టోరులోంచి కత్తెర తెచ్చాడు. కొమ్మకొమ్మకూ నాలుగైదు చిగురు కళ్ళు వదిలి మిగతాదంతా కోసేశాడు. చేతులు అతన్ని అడగలేదు. చివరికి కుండీలో ఎండుకట్టెలాంటిది మిగిలింది.

ఆ ఉదయమే ఆ తీగ పక్కన కొత్త యాత్రల వీడియో తీస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు.

వీడియోలో మాట్లాడే ప్రియదర్శిని లోపలికి వస్తూనే ఆగిపోయింది. "అయ్యో, ఇదేంటండీ! నా బ్యాక్‌గ్రౌండ్ ఎవరు గొరిగేశారు?"

"తిరుపతి మొక్కు తీర్చుకున్నట్టుంది మేడం," అని కెమెరా పట్టుకున్న ఆకాష్ నవ్వాడు.

జయమ్మ ఉరికి వచ్చింది. "ఏంది నర్సన్నా, గిట్ల జేసినవ్? నీకెవ్వరు జెప్పిండ్రు?"

"దసరా అయినంక కొయ్యాలె గదమ్మా. లేకుంటే ఉత్తగ పెరుగుతది."

"పెరుగనియ్యి! నీ అయ్య తోటనా?"

ఫోన్‌లో ఆర్డరిస్తే కాసేపట్లోనే ప్లాస్టిక్ తీగ వచ్చింది, మెరిసే ఊదారంగు గుత్తులతో. కుండీని ఇద్దరు కలిసి వెనక చెత్త లిఫ్ట్ దగ్గరికి ఈడ్చారు. పాత మాపు గుడ్డ పేలికలుగా చింపి, కొత్త తీగను చట్రానికి కట్టింది నర్సయ్యే.

"దీన్ని మాత్రం కోయకండి తాతగారూ," అంది ప్రియదర్శిని. తర్వాత కెమెరా వైపు తిరిగి, "తొందరేం లేదు, ఒక్కో తోటనూ నెమ్మదిగా చూద్దాం," అని నవ్వింది. ఆ నవ్వు సరిపోలేదని మళ్ళీ తీశారు.

సాయంత్రం జయమ్మ అతని మొహం చూడకుండా చెప్పింది. "రేపటి సంది రావొద్దంటుండ్రన్నా. ఏజెన్సీకి మెయిల్ వెట్టిండ్రంట."

"ఇంకేడన్న జూడరాదమ్మా?"

"అడిగిన. వయసెంత అంటుండ్రు."

అతను మెడలోని కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సత్తెమ్మ ఫోన్ జేస్తే, డ్యూటీల ఉన్నడని చెప్పు."

మెట్ల తలుపు అతని వెనక మూసుకుంది.

రిసెప్షన్‌లో ప్లాస్టిక్ తీగ చట్రానికి అలాగే ఉంది. దాన్ని పట్టుకున్న ప్రతి గుడ్డముడిలోనూ, రేపు తీగ లావెక్కితే ఒరుసుకోకుండా, ఒక వేలు పట్టేంత చోటు వదిలి ఉంది.