నాన్నతో అరగంట భోజనం

బీమా కంపెనీలో ఆమెది ఉత్తరాలకు జవాబులు రాసే పని. కూర్చునేది నాలుగో అంతస్తు. ఆ ఉదయం లిఫ్టు ఆగిపోతే, సణుక్కుంటూ మెట్లెక్కి వస్తున్న మనిషి మూడో అంతస్తు దగ్గర టక్కున నిలబడిపోయింది. తెరిచిన లిఫ్టు తలుపుల మధ్య, టార్చిలైటు చంకలో ఇరికించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు నాన్న. లిఫ్టులు బాగుచేయడం ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా అన్నం పెడుతున్న పనే అయినా, కూతురి ఆఫీసుకు రావడం ఇదే మొదటిసారి.

మూడు ఆదివారాలుగా ఆయన ఆమె ఇంటికి భోజనానికి రావడం లేదు. ఒకసారి జలుబన్నాడు. ఒకసారి స్నేహితుడొచ్చాడన్నాడు. మూడోసారి ఫోనే ఎత్తలేదు. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. "ఈ వయసులో ఆ లిఫ్టు గోతుల్లో దిగడం నీ వల్ల కాదు నాన్నా, ఇక మానెయ్" అని అంతకు ముందు వారమే నోరు జారింది. అమ్మ పోయాక ఆయన్ని నిలబెట్టింది ఆ పనే.

"ఒంటి గంటకి కిందికి రా. కలిసి తిందాం," అంది.

ఆయన చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, "పనుందే అమ్మడూ," అన్నాడు.

"నాకున్నదే అరగంట. దానికి కూడా బేరమా?"

ఒంటి గంటకి ఇద్దరూ వెళ్ళింది సందు మలుపులో అయిదే బల్లలున్న లెబనీస్ హోటల్‌కి. నడిపే ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వెల్లుల్లి చట్నీ గరిటెల కొద్దీ వడ్డిస్తుంది. అందుకే ఆఫీసువాళ్ళందరికీ ఆమె వెల్లుల్లక్క. నాన్నకు కరకరలాడేవంటే ప్రాణమని, శనగలు రుబ్బి వేయించిన ఫలాఫెల్ ఉండలూ, నిప్పుల మీద కాల్చిన కోడిమాంసమూ తెప్పించింది కూతురు.

ఆయన ఒక ఉండను రెండు చేశాడు, రెండింటిని నాలుగు చేశాడు. పళ్ళెంలో అటూ ఇటూ జరిపి, మంచినీళ్ళు తాగాడు. నోట్లో మాత్రం ఏమీ పడలేదు.

ఆమె తన పళ్ళెం పక్కకి నెట్టింది. "ఇంకా కోపమేనా నా మీద? నేను తెప్పించిన తిండి కూడా వద్దా?"

"కోపమా? నీ మీదా?" కంగారులో రుమాలు జారింది. పై వరసలో ఒక్క పన్నూ లేదు.

ఆమె వంగి ఆ రుమాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పీకేశారు," అన్నాడు తలొంచుకుని. "కొత్తవి కట్టడానికి ఇంకో పది రోజులట."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

"ముసలాడివైపోయావని నువ్వు అననే అన్నావు. బోసినోరేసుకుని వచ్చి, నేనే సాక్ష్యం చెప్పుకోనా?"

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఈలోగా వెల్లుల్లక్క వచ్చింది. ఎప్పటినుంచి గమనిస్తోందో ఏమో, ఒక్క ప్రశ్న వేయకుండా ఆ పళ్ళెం తీసేసి, వేడివేడి పప్పు సూపూ, ఆలివ్ నూనె తేలుతున్న శనగల ముద్ద హమ్ముసూ, అప్పుడే పొంగిన మెత్తటి రొట్టే పెట్టింది.

"మా నాన్న నా పెళ్ళి ఫొటోలన్నిట్లో మూతి బిగించుకునే ఉన్నాడు," అందావిడ, ఆయన కుర్చీ వెనక నిలబడి. "ఈ సంబంధం ఆయనకి ఇష్టం లేదని మా అత్తగారు నాలుగేళ్ళు సాధించింది. తీరా చూస్తే పళ్ళు లేవు!"

నాన్న పక్కున నవ్వేశాడు. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పోయింది. కూతురు ఆ చేతిని పట్టుకుని కిందికి లాగింది.

"దాచకు. చంటిపిల్లాడిలా ముద్దొస్తున్నావ్."

"నీకు పళ్ళు రానప్పుడు నేనూ ఇలాంటి మెత్తటివే తినిపించాను. ముద్ద ముద్దకీ నా చొక్కా మీదే ఉమ్మేదానివి," అంటూ రొట్టె తుంచి హమ్ముస్‌లో ముంచాడు. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తుంచాడు, మళ్ళీ ముంచాడు. గిన్నె అంచులు కూడా రొట్టెతో తుడిచేశాడు. వెల్లుల్లక్క అడక్కుండానే రెండోది తెచ్చింది.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా," అంది ఆమె మెల్లగా.

"నిజమేలేవే. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పమంటున్నారు మా వాళ్ళు. కూర్చుని చెప్పే పని. సరే అనడానికి మనసొప్పటం లేదు. నిన్నడుగుదామనుకుంటూనే మూడు వారాలు నానబెట్టాను."

"నన్నడుగుతావా?"

"మరెవర్నడుగుతాను?"

ఆమె తలెత్తి చూసింది. గోడ గడియారం ఒకటీ నలభై అయిదు చూపిస్తోంది. ఆలస్యం ఎలాగూ అయింది కదా అని కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏం నేర్పాలట? మొదట్నుంచీ చెప్పు," అంది. ఆయన చెప్పుకుంటూ పోయాడు, రుమాలు సంగతే మరిచిపోయి.

కొత్త పళ్ళ కోసం ఆయన ఆగలేదు. ఆ ఆదివారమే, ఒంటి గంటకు రమ్మంటే పదకొండున్నరకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వంట ఇంకా పొయ్యి మీదే ఉంది.