ముడుచుకోని బల్ల

నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో గూడ్సు గార్డు తీతుకి ఉన్నది ముందుగది, వెనక వంటిల్లు. ఎనభై ఆరులో, ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు ఇంటినుంచి టేకు భోజనాల బల్ల కొని ఆ ముందుగదిలో దింపించాడు. పాతకాలం నాటిది. సన్నటి కాళ్ళు ఏటవాలుగా ఉంటాయి. రెండు చివరలూ లాగితే నడుమ దాగిన పలక పైకొచ్చి, నలుగురి బల్ల ఎనిమిది మందికి సరిపోతుంది.

"ఉన్నది మనమిద్దరం. మిగతా ఆరుగురూ ఎవులండీ?" అంది భార్య ఎమిలీ.

"సుట్టాలొస్తారు."

"వొస్తే కూకుంటారు. మనమెక్కడ నిలబడాల?"

ఆగస్టులో ప్రార్థన కూటానికి వచ్చినవాళ్ళకి చూపించాలని తీతు బల్లను పూర్తిగా లాగాడు. అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మూయబోతే కదల్లేదు. ముసురుకి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. సబ్బు రాశాడు, కొవ్వొత్తి రుద్దాడు, చివర పట్టుకుని నెట్టాడు. బల్ల మాత్రం ఈ గోడనుంచి ఆ గోడదాకా పరుచుకుని వంటింటి దారి మూసేసింది.

"పచ్చజెండా ఊపి సూడండి," అంది ఎమిలీ.

తీతు బల్ల కిందనుంచి దూరి వంటింట్లోకి వెళ్ళేవాడు. ఎమిలీకి అది నామోషీ. వీధిలోకి వెళ్ళి, పక్కింటి హైమవతి పెరట్లోంచి వెనక గుమ్మానికి చేరేది. వేడి అన్నం గిన్నెతో ఆమె అలా చుట్టూ తిరగడం చూసి హైమవతి నవ్వు ఆపుకోలేకపోయింది.

"వొదినా, మా పులుసు కూడా అట్టుకెల్లు. అందరం అక్కడే తిందాం," అంది.

అప్పటినుంచి రాత్రి భోజనాలు కలిసే. వెనక గుమ్మంలోంచి వచ్చి హైమవతి, ఆమె మొగుడు జగ్గారావు, ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు నూకాలమ్మ వంటింటి వైపు కూర్చునేవారు.

"తీతు దాదా, ఉప్పు ఏ గూడ్సుకి పంపినావు? ఇంకా రాలేదు," అనేవాడు జగ్గారావు. అక్కడ అన్నని దాదా అనే పిలుస్తారు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం తీతు ఊరికే నెట్టి చూస్తే బల్ల మెత్తగా మూసుకుంది. తీతు సంబరపడ్డాడు. ఎమిలీ గదిలోంచి వంటింట్లోకి తిన్నగా నడిచి చూసి, "ఇల్లు పెద్దదైనట్టుంది," అంది.

కాసేపటికి నూకాలమ్మ కంచం పట్టుకుని వచ్చింది. చిన్నదైపోయిన బల్లకేసి చూసింది.

"నానేటి తప్పు సేసినాను నాయనా? నా సోటు మడిసేసినావు."

తీతు ఒక చివరకి వెళ్ళి బల్లను మళ్ళీ లాగాడు. వీధి వైపే ఉండిపోయిన ఎమిలీ చెప్పులేసుకుని, తన వంటింట్లోని చారు గిన్నె తేవడానికి హైమవతి పెరటివైపు నడిచింది.